జీతం ఎంత, పని ఎంత? కమిషన్ సభ్యుల లెక్క చూసే దారి

సమాచార కమిషన్, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ), విద్యుత్ నియంత్రణ మండలి, వినియోగదారుల కమిషన్, కార్పొరేషన్ల పాలకవర్గాలు... ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి గురించే. నెలనెలా ప్రజాధనం తీసుకుంటున్న సభ్యులు ఎంత పని చేస్తున్నారో కనిపెట్టడం ఎలా అన్నదే అందరి ప్రశ్న. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

మా ఊరాయనను ఈమధ్య ఒక రాష్ట్ర కమిషన్‌లో సభ్యుడిగా వేశారు. నెలకు మూడు లక్షలని ఒకరు, లక్షన్నరని ఒకరు అంటున్నారు. అసలు అంకె ఎక్కడ దొరుకుతుంది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

ముందు ఆ పదవి ఏ కోవకు చెందిందో తేల్చుకోండి. బయట అందరినీ కలిపి ‘బోర్డు మెంబర్లు’ అనేస్తారు గానీ, డబ్బు వచ్చే దారులు వేర్వేరు. చట్టం కింద ఏర్పడిన కమిషన్లలో పూర్తికాలపు సభ్యులకు జీతం ఆ చట్టం కింది నిబంధనల్లోనే ఉంటుంది. కార్పొరేషన్ల ఛైర్మన్లకు ప్రభుత్వం జీవో ద్వారా గౌరవ వేతనం నిర్ణయిస్తుంది. మిగతా డైరెక్టర్లలో చాలామందికి సమావేశానికి ఇంతని సిట్టింగ్ ఫీజు, ప్రయాణ ఖర్చులు మాత్రమే. ఈ మూడో రకం వారి మీద ‘జీతం తీసుకుని పని చేయడం లేదు’ అని ఫిర్యాదు రాస్తే మొదటి పేజీలోనే కొట్టేస్తారు.

మీరు చెప్పింది సమాచార కమిషన్ అయితే అంకె సూటిగా ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో రాష్ట్ర ప్రధాన సమాచార కమిషనర్‌కు ఎన్నికల కమిషనర్‌తో, మిగతా కమిషనర్లకు రాష్ట్ర ప్రధాన కార్యదర్శితో సమానంగా జీతం ఉండేది, పదవీకాలం ఐదేళ్లు. 2019లో చట్టాన్ని సవరించి ఈ రెండింటినీ కేంద్రం చేతిలో పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన నిబంధనల ప్రకారం పదవీకాలం మూడేళ్లు. కేంద్రంలో ప్రధాన కమిషనర్‌కు నెలకు రూ.2,50,000, మిగతా కమిషనర్లకు రూ.2,25,000. రాష్ట్రాల్లో ప్రధాన కమిషనర్‌కైనా కమిషనర్‌కైనా రూ.2,25,000. దీని మీద అలవెన్సులు అదనం. వయసు 65 నిండితే, మూడేళ్లు కాకపోయినా దిగిపోవాలి.

ఇక మీకు రెండు అంకెలు ఎందుకు వినిపించాయంటే, విశ్రాంత అధికారి సభ్యుడైతే ఆయన పింఛను మొత్తం ఈ జీతంలోంచి తగ్గిస్తారు. కమ్యూట్ చేసుకున్న, అంటే ముందే ఏకమొత్తంగా తీసేసుకున్న భాగాన్ని కూడా కలిపే తగ్గిస్తారు. అందుకని పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు కమిషనర్ల జీతపు బిల్లులు వేరుగా ఉండొచ్చు. బిల్లు తక్కువగా కనబడినంత మాత్రాన ఖజానాకు మిగిలిందని కాదు. పింఛను ఇంకో పద్దులోంచి పోతూనే ఉంటుంది. సమాచారం అడిగేటప్పుడు ‘నిబంధన ప్రకారం మూల వేతనం, తగ్గించిన పింఛను, అలవెన్సులు, మొత్తం చెల్లింపు’ అని నాలుగూ విడివిడిగా అడగండి.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ‘సభ్యులు రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారు, కేసులు ఎందుకు ఆలస్యమవుతున్నాయి’ అని అడిగితే ‘అటువంటి సమాచారం లేదు’ అని ఒక్క వాక్యంలో తేల్చారు. ఎలా అడగాలి?
— విజయనగరం

వాళ్లు ఇచ్చిన జవాబు చట్టం ప్రకారం తప్పు కాదు. ఆ చట్టం కింద సమాచారమంటే కార్యాలయం దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్న రికార్డు. లేనిదాన్ని తయారు చేసి, కూడికలు వేసి, కారణాలు రాసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో స్పష్టంగా చెప్పింది. సభ్యులు ఎన్ని గంటలు పని చేశారో ఎక్కడా రాసి ఉండదు. చాలా కమిషన్లలో సభ్యులు హాజరు పట్టీలో సంతకమే చేయరు. ‘ఎందుకు’ అన్న మాట దరఖాస్తులో కనబడితే అధికారికి తప్పించుకునే దారి మీరే చూపించినట్టు.

అడగాల్సింది కాగితాల పేర్లు పెట్టి. ఒక ఏడాదికి పరిమితం చేయండి. ఆ ఏడాదిలో ప్రతి బెంచ్ రోజువారీ విచారణ జాబితాలు. నెలవారీ పరిష్కార నివేదిక, అంటే ప్రారంభంలో పెండింగ్, కొత్తగా వచ్చినవి, తేల్చినవి, మిగిలినవి చూపే పట్టిక. వాపసు చేసిన కేసుల రిజిస్టరు. సభ్యుల మధ్య జిల్లాలు లేదా శాఖలు పంచిన ఉత్తర్వులు. ప్రతి సభ్యుడూ చేరిన తేదీ, దిగిన తేదీ, సెలవు మంజూరు ఉత్తర్వులు. పర్యటనల టీఏ బిల్లులు. కార్యాలయ వాహనాల లాగ్‌బుక్. ఇవన్నీ ఏ కమిషన్‌లోనైనా ఉండి తీరాల్సిన కాగితాలు, కాబట్టి ‘లేవు’ అని రాయడం కష్టం. సెలవు ఉత్తర్వుల్లో తేదీలు చాలు, కారణం అక్కర్లేదని మీరే రాయండి. ఆరోగ్య వివరాల పేరుతో మొత్తం కాగితాన్ని ఆపే అవకాశం పోతుంది.

ఖర్చు కోసం పద్దుల నంబర్లు వేయండి. రెండు తెలుగు రాష్ట్రాల బడ్జెట్ పుస్తకాల్లో 010 జీతాలు, 110 దేశీయ ప్రయాణ ఖర్చులు, 130 కార్యాలయ ఖర్చులు, 140 అద్దెలు పన్నులు, 240 పెట్రోలు నూనెలు, 300 ఇతర కాంట్రాక్టు సేవలు. అద్దె కార్ల బిల్లు 130 కింద 134లో దాగి ఉంటుంది. 240 మాత్రమే చూసి ‘వాహన ఖర్చు ఎంత తక్కువో’ అనుకునేవాళ్లు చాలామంది. అవుట్‌సోర్సింగ్ సిబ్బంది జీతాలు 010లో కాక 300లో ఉంటాయి. కమిషన్‌కు డబ్బు గ్రాంటుగా వెళ్తుంటే ఖజానా పద్దులో 310 అని ఒకే గీత కనిపిస్తుంది. అప్పుడు కమిషన్ సొంత లెక్కల పుస్తకం అడగక తప్పదు.

రుసుము రాష్ట్ర, జిల్లా స్థాయి కార్యాలయాల్లో రూ.10, మండల స్థాయిలో రూ.5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. నకలు పేజీకి రూ.2. ఏడాది విచారణ జాబితాలంటే వేల పేజీలు అవుతాయి. ‘ఇన్ని పేజీలకు వేలు కట్టండి’ అని, లేదా మా పని దెబ్బతింటుందని సెక్షన్ 7(9) చూపి జవాబు వస్తుంది. కాబట్టి దరఖాస్తులోనే ‘నెలవారీ పట్టికలకు నకళ్లు, మిగతావాటిని చూసుకునే అవకాశం’ అని రాయండి. రికార్డులు చూడటానికి మొదటి గంట ఉచితం, తరవాత ప్రతి పావుగంటకు రూ.5. లాగ్‌బుక్, విచారణ జాబితా రెండూ ఎదురుగా పెట్టుకుని ఒక పూట కూర్చుంటే తెలిసేది, కట్టలకొద్దీ నకళ్లు తెప్పించుకున్నా తెలియదు. బెంచ్ కూర్చున్నట్టు చూపిన రోజే కారు నూట యాభై కిలోమీటర్ల అవతల ఉంటే, రెండింటిలో ఒకటి సరిచూడాల్సిందే.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, నచ్చకపోయినా తరవాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అంకెలు చేతికొచ్చాయి. ఇప్పుడు ఏం చేయాలి? కేసుల సంఖ్యను సభ్యుల సంఖ్యతో భాగిస్తే సరిపోతుందా?
— నెల్లూరు, కరీంనగర్, హైదరాబాద్ నుంచి ముగ్గురు

సరిపోదు. చాలా ఫిర్యాదులు తప్పేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. కింది అంకెలు లెక్క చూపించడానికి మేం వేసుకున్నవి, ఏ కమిషన్‌వీ కావు.

ఒక కమిషన్‌లో ఏడాదికి నలుగురు సభ్యుల పేర్లున్నాయి. ఇద్దరు పన్నెండు నెలలూ ఉన్నారు, ఒకరు ఎనిమిది నెలలే ఉన్నారు, ఒకరు తొమ్మిది నెలలకు దిగిపోయారు. అంటే 12, 12, 8, 9 కలిపి 41 సభ్య నెలలు. ఆ ఏడాది తేల్చిన కేసులు 9,840. నలుగురని 48తో భాగిస్తే నెలకు 205. నిజానికి 41తో భాగించాలి: 240. ఖాళీ కుర్చీ పనిలేమిని ఉన్న సభ్యుల నెత్తిన రుద్దితే మీ నివేదికకు విలువ ఉండదు. ఖాళీలకు జవాబు చెప్పాల్సింది నియమించే ప్రభుత్వం.

తరవాత ఆ 9,840ని విప్పండి. అందులో 3,280 కేసులు లోపాలున్నాయని విచారణ లేకుండా వాపసు చేసినవి అనుకుందాం. విచారించి ఉత్తర్వు ఇచ్చినవి 6,560 మాత్రమే. నెలకు సభ్యుడికి 240 కాస్తా 160 అయింది. వాపసు చేయడం తప్పు కాదు, సంతకం లేని అప్పీలును ఎవరైనా తిప్పి పంపుతారు. కానీ అది సెక్షన్‌లో గుమాస్తా చేసే పరిశీలన, సభ్యుడి పని కాదు. పైగా అదే మనిషి లోపం సరిచేసి మళ్లీ వేస్తే కొత్త నంబరు పడుతుంది: వచ్చిన కేసుల్లో రెండుసార్లు, తేల్చిన కేసుల్లో రెండుసార్లు లెక్క. వాపసుల్లో 2,000 తిరిగి వచ్చాయనుకోండి. రాక, పరిష్కారం రెండు వరుసలూ తలా 2,000 ఉబ్బుతాయి, చివరి పెండింగ్ మాత్రం ఒక్క కేసు కూడా మారదు. అందుకే వార్షిక నివేదికలో ‘రికార్డు స్థాయిలో పరిష్కారం’ అని కనిపించగానే మేం ముందు పెండింగ్ గడి వైపు చూస్తాం.

ఆ గడిని మీరే సరిచూడొచ్చు. మొదట్లో పెండింగ్ 11,200, కొత్తవి 10,100, తేల్చినవి 9,840 అయితే చివరికి 11,460 మిగలాలి. నివేదికలో వేరే అంకె ఉంటే ఎక్కడో కేసులు లెక్కలోంచి జారిపోయాయి, సాధారణంగా నమోదే కాకుండా టపాలో పడి ఉన్నవి. నెలకు సగటున తేలుతున్నవి 820. 11,460ని 820తో భాగిస్తే దాదాపు 14. ఈ రోజు అప్పీలు వేసిన మనిషికి వంతు రావడానికి పట్టే నెలలు అవి. మంత్రికైనా విలేకరికైనా పది పట్టికల కన్నా ఈ ఒక్క అంకె బాగా అర్థమవుతుంది.

పోల్చడానికి కొలబద్ద ఏదని అడుగుతారు. కేంద్ర సమాచార కమిషన్ 2011లో తనకు తానే ఒక ప్రమాణం పెట్టుకుంది: ఒక్కో కమిషనర్ ఏడాదికి 3,200 అప్పీళ్లు, ఫిర్యాదులు. నెలకు సుమారు 267. రాష్ట్ర కమిషన్లకు అది చట్టబద్ధం కాదు, పోలికకు పనికొస్తుంది. వాపసులు తీసేసిన అంకెను దీనితో పోల్చాలా, కలిపిన అంకెనా అన్నది మీ నివేదికలో మొదటి పేజీలోనే చెప్పండి, లేకపోతే అవతలివాళ్లు రెండోదానితో మిమ్మల్నే కొడతారు.

ఇక డబ్బు. 41 సభ్య నెలలకు నెలకు రూ.2,25,000 చొప్పున జీతం రూ.92,25,000. సిబ్బంది, అద్దె, కార్లు, కాంట్రాక్టు సేవలు కలిపి కమిషన్ మొత్తం ఖర్చు రూ.3,93,60,000 అనుకుంటే, తేల్చిన ప్రతి కేసుకు రూ.4,000, విచారించిన కేసుకు రూ.6,000. సభ్యుల జీతం ఇందులో పావు వంతు కూడా లేదు. జీతం మీదే గొంతు చించుకునేవాళ్లు మిగతా ముప్పావును వదిలేస్తున్నారన్నమాట. సభ్యుడికి స్టెనో లేకపోతే ఉత్తర్వులు పేరుకుపోతాయి, అప్పుడు రెండు లక్షల పాతిక వేల జీతం సగం వృథా. ఒక్కో సభ్యుడి పేషీలో మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని అన్న కాగితం కూడా తెప్పించుకోండి.

ఒక చిన్న మెలిక ఉంది. మార్చి జీతం ఏప్రిల్‌లో చెల్లిస్తారు. కాబట్టి ఆర్థిక సంవత్సరం ఖర్చులో కనిపించే జీతాలు నిజానికి మార్చి నుంచి ఫిబ్రవరి వరకు చేసిన పనికి. పని లెక్క క్యాలెండర్ సంవత్సరానికి, డబ్బు లెక్క ఆర్థిక సంవత్సరానికి తీసుకుని భాగించిన నివేదికలు చూస్తుంటాం. మధ్యలో ఒక సభ్యుడు చేరినా, డీఏ బకాయిలు పడినా ఆ లెక్క పనికిరాదు. రెండూ నెలవారీగా తెచ్చుకుని మీరే కలుపుకోండి.

చివరగా ఉత్తర్వుల మచ్చు. 6,560లో ప్రతి అరవయ్యోదాన్ని తీస్తే 109 వస్తాయి, ఇద్దరు మనుషులు ఆదివారాల్లో చదవగలరు. ప్రతిదానికీ నాలుగు తేదీలు రాసుకోండి: దాఖలు, మొదటి విచారణ, ఉత్తర్వు, వెబ్‌సైట్‌లో పెట్టిన రోజు. ఎన్నిసార్లు వాయిదా పడింది, ఎవరు కోరితే పడింది, ఒకే దరఖాస్తుదారు కేసులు ఎన్ని కలిపి ఒకే ఉత్తర్వుతో తేల్చారు అన్నవీ రాయండి. ఒక మనిషి వేసిన అరవై అప్పీళ్లను ఒకే పేజీలో కొట్టేస్తే పరిష్కారం లెక్కలో అరవై పడతాయి. సభ్యుడి పేరు కనబడకుండా ఒకరు తీసి ఇవ్వడం, ఇంకొకరు చదవడం మేలు.

మా రాష్ట్రంలో ఒక కమిషన్ ఏడాదికి నూట పది రోజులే కూర్చుందట. ఇది తక్కువే కదా?
— గుంటూరు

రోజులతో తేల్చలేం. ఉత్తర్వు రాసే రోజు సభ్యుడు బెంచ్ మీద ఉండడు. పైగా కమిషన్ల పని ఒకేలా ఉండదు.

సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరే బెంచ్, చిన్న కేసులు, సంఖ్య ఎక్కువ. విద్యుత్ నియంత్రణ మండలిలో ముగ్గురికి మించి సభ్యులుండరు, ముఖ్యమైన పని టారిఫ్ (కరెంటు ఛార్జీల) ఉత్తర్వు; వందల పేజీల దాఖలాలు, బహిరంగ విచారణలు. దానికి చట్టం ఇచ్చిన గడువు దరఖాస్తు అందిన 120 రోజులు. అక్కడ కేసుల సంఖ్య లెక్కపెట్టడం అర్థం లేని పని, గడువు తప్పిందా లేదా చూడాలి. రెరాలో ఫిర్యాదు 60 రోజుల్లో తేలాలి, లేకుంటే కారణం రాయాలి. ఆ కారణాలు రాశారో లేదో చూడండి, అదే మీ ఆడిట్.

వినియోగదారుల కమిషన్ మరీ వేరు. అవతలి పక్షానికి నోటీసు అందాక మూడు నెలలు, వస్తువును ప్రయోగశాలకు పంపాల్సి వస్తే ఐదు నెలలు గడువు. కానీ 2019 చట్టం ప్రకారం అధ్యక్షుడితో పాటు కనీసం ఒక సభ్యుడు కూర్చుంటేనే విచారణ. ఉన్న ఒక్క సభ్యుడి పదవీకాలం ముగిసి కొత్తవారు రాకపోతే, అధ్యక్షుడు జీతం తీసుకుంటూ ఖాళీగా కూర్చోక తప్పదు. ‘పని చేయని అధ్యక్షుడు’ అని రాసే ముందు కోరం ఉందో లేదో చూడండి. 2025 జనవరి నుంచి ఈ కమిషన్ల కేసులు ఈ-జాగృతి పోర్టల్‌లో నడుస్తున్నాయి. మీ జిల్లా కేసుల వాయిదాలు ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

మా కులవృత్తుల కార్పొరేషన్ ఛైర్మన్‌కు కారు, పేషీ, గౌరవ వేతనం అన్నీ ఉన్నాయి. బోర్డు సమావేశమే జరగలేదంటున్నారు. ఎవరిని అడగాలి?
— నల్లగొండ

‘కార్పొరేషన్’ అన్న బోర్డు చూసి మోసపోవద్దు. అది కంపెనీనా, ప్రత్యేక చట్టంతో పుట్టిన సంస్థా, సొసైటీనా, సహకార సమాఖ్యా అన్నది తేలాలి. లెటర్‌హెడ్ మీద 21 అక్షరాల, అంకెల కంపెనీ గుర్తింపు సంఖ్య ఉందేమో చూడండి. చివరి ఆరు అంకెల ముందు ఎస్‌జీసీ అని మూడు అక్షరాలుంటే రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ.

కంపెనీ అయితే మీ పని తేలిక. ఏడాదికి కనీసం నాలుగు బోర్డు సమావేశాలు జరగాలి, రెండింటి మధ్య 120 రోజులకు మించి ఎడం ఉండకూడదు. మినిట్స్ 30 రోజుల్లో పుస్తకంలోకి ఎక్కాలి. పన్నెండు నెలల్లో జరిగిన బోర్డు సమావేశాలన్నింటికీ రాని డైరెక్టర్ పదవి, సెలవు అడిగినా అడగకపోయినా, దానంతటదే పోతుంది. సమావేశాలే జరగకపోతే ఈ నిబంధన పట్టదు, అదొక విచిత్రం. ఏటా దాఖలు చేసే ఎంజీటీ-7 పత్రంలో సమావేశాల తేదీలు, ఏ డైరెక్టర్ ఎన్నింటికి వచ్చారు, ఎంత తీసుకున్నారు అన్న పట్టికలు ఉంటాయి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రూ.100 కట్టి ఎవరైనా చూడొచ్చు, దరఖాస్తులూ అప్పీళ్లూ అక్కర్లేదు. పత్రమే దాఖలు కాలేదంటే లెక్కలు ఖరారు కాలేదేమో కనుక్కోండి.

డబ్బు జాడ మాత్రం ఖజానాలో వెతికితే దొరక్కపోవచ్చు. ఛైర్మన్ వేతనం, కారు అద్దె, పేషీ సిబ్బంది ఖర్చు చాలాచోట్ల కార్పొరేషన్ సొంత నిధుల్లోంచే పోతాయి. లబ్ధిదారులకు రుణాలు ఇవ్వాల్సిన సంస్థలో, ఏడాదికి ఇచ్చిన రుణాల మొత్తం పక్కన పాలనా ఖర్చు పెట్టి చూడండి. జీవోలో ఉన్న అలవెన్సుల పరిమితి ఒక నిలువు వరుసలో, నిజంగా చెల్లించింది పక్క వరుసలో రాయండి. ఇంటి అద్దె, సొంత కారుకు అలవెన్సు తీసుకుంటూనే కార్యాలయ కారు వాడటం, ఇలాంటివన్నీ అక్కడే బయటపడతాయి.

సొసైటీ అయితే ముఖ్యమైన దారి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తే. ఆర్టీసీలాగా ప్రత్యేక చట్టం కింద పుట్టిన సంస్థ అయితే కాగ్ ఆడిట్ నివేదిక చూడండి.

జీతం వివరాలు ‘వ్యక్తిగత సమాచారం’ అని నిరాకరించారు. చట్టం మారిందట. ఇక అడగలేమా?
— బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకురాలు

మారిన మాట నిజం. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదని చెప్పే సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)లోని షరతులను వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా తీసేశారు. 2025 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. ఇదివరకు ‘ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని’ వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు. ఇప్పుడు ఆ షరతు పోయింది. మా దృష్టిలో ఇది సమాచార హక్కుకు పెద్ద దెబ్బ.

అయినా మూడు దారులు మిగిలాయి. ప్రతి ప్రభుత్వ సంస్థా తన అధికారులు, ఉద్యోగుల నెలవారీ పారితోషికాన్ని తనంతట తాను ప్రకటించాలన్న సెక్షన్ 4(1)(బి)లోని పదో అంశం అలాగే ఉంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చన్న 8(2) అలాగే ఉంది. జీతం నిర్ణయించిన జీవో, నిబంధనలు ఎలాగూ బహిరంగ పత్రాలే. దరఖాస్తులో సభ్యుడి పేరు రాయకండి, ‘సభ్యుడు-1, సభ్యుడు-2’ పదవులకు చెల్లించిన మొత్తం అని రాయండి. పాన్ నంబరు, ఆదాయపన్ను, అప్పుల కోతలు, వైద్య ఖర్చుల వివరాలు, ఇంటి చిరునామా జోలికి పోవద్దు. అవి అడిగితే మొత్తం దరఖాస్తును కొట్టేస్తారు, కోతలకు ముందు మొత్తం తెలిస్తే మీ లెక్కకు చాలు.

‘మూడో పక్షం అభ్యంతరం చెప్పింది’ అని కూడా రాస్తారు. సెక్షన్ 11 ఆ వ్యక్తికి సంబంధించిన లేదా ఆ వ్యక్తి ఇచ్చిన సమాచారంలో, ఆ వ్యక్తి గోప్యంగా ఉంచినదానికే. ప్రభుత్వం తానే చెల్లించిన జీతం ఆ కోవలోకి రాదని మొదటి అప్పీలులో రాయండి.

సమాచార కమిషన్ పని మీదే ఆర్టీఐ వేస్తే, రెండో అప్పీలు కూడా ఆ కమిషన్ దగ్గరకేనా?
— తిరుపతి

అవును, వింతగా ఉన్నా అంతే. కమిషన్ కూడా ఒక ప్రభుత్వ సంస్థే. దానికీ పౌర సమాచార అధికారి, మొదటి అప్పీలు అధికారి ఉంటారు. రెండో అప్పీలు కమిషన్ ముందుకే వస్తుంది. మీరు ఎవరి లెక్క అడిగారో ఆ కమిషనర్ కాకుండా వేరొకరి ముందు పెట్టమని అప్పీలులోనే కోరండి. ఆపైన హైకోర్టులో రిట్. అంతదాకా వెళ్లకుండా, కమిషన్ వార్షిక నివేదికతో మొదలుపెట్టండి. సెక్షన్ 25 ప్రకారం దాన్ని ఏటా తయారు చేయాలి, శాసనసభ ముందు పెట్టాలి.

సభ్యులే లేని కాలానికి ఖర్చు లెక్క ఎలా కడతాం?
— వరంగల్

తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనర్ కూడా లేరు. సభ్య నెలలు సున్నా, తేలిన కేసులు సున్నా, కార్యాలయం మాత్రం ఉంది. సున్నాతో భాగించలేం కాబట్టి ఆ కాలాన్ని విడిగా చూపండి: నెలనెలా కార్యాలయ ఖర్చు, నెలనెలా పేరుకున్న అప్పీళ్లు. తరవాత వచ్చిన సభ్యుల పనిని కొలిచేటప్పుడు వారసత్వంగా వచ్చిన ఆ కుప్పను పక్కన పెట్టి, వాళ్లు చేరాక వచ్చినవి, తేల్చినవి చూడండి. పదవి ఖాళీ కావడానికి ఒకటి రెండు నెలల ముందే నియామక ప్రక్రియ మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో అంజలి భరద్వాజ్ కేసులో చెప్పింది. ఖాళీ అయిన తేదీ, నోటిఫికేషన్ తేదీ, నియామక తేదీ మూడూ పక్కపక్కన రాస్తే ఎవరి ఆలస్యమో కనిపిస్తుంది.

నివేదిక తయారైంది. ఎవరికి ఇవ్వాలి?
— అనంతపురం

మీరు ఏం అడుగుతున్నారో దాన్నిబట్టి. అలవెన్సు రెండుసార్లు తీసుకోవడం, వాహన దుర్వినియోగం లాంటి డబ్బు సంగతులైతే మీ రాష్ట్ర ప్రిన్సిపల్ అకౌంటెంట్ జనరల్ ఆడిట్ కార్యాలయానికి ఆధారాలతో రాయండి. వ్యక్తిగత ఫిర్యాదు మీద తీర్పు చెప్పరు గానీ, తరవాతి ఆడిట్‌లో ఏ కాగితాలు తెరవాలో వాళ్లకు తెలుస్తుంది. కార్పొరేషన్ అయితే శాసనసభ ప్రభుత్వ రంగ సంస్థల కమిటీకి, ప్రభుత్వ శాఖ పద్దులోని ఖర్చయితే ప్రజా పద్దుల కమిటీకి. ఎమ్మెల్యే ద్వారా సభలో ప్రశ్న వేయించగలిగితే అన్నిటికన్నా త్వరగా అంకెలు వస్తాయి.

ఫలానా ఉత్తర్వు తప్పు అన్న మాట ఈ నివేదికలో పెట్టకండి. ఉత్తర్వు మంచిచెడ్డలు హైకోర్టు చూడాలి, ఆడిటర్ చూడడు. సమాచార కమిషనర్‌ను పని తక్కువ చేశాడని ప్రభుత్వం తీసేయలేదు. దుష్ప్రవర్తన, అసమర్థత ఆరోపణలను గవర్నర్ సుప్రీంకోర్టుకు పంపి, విచారణలో రుజువైతేనే తొలగింపు. అయితే పదవిలో ఉంటూ బయట వేరే జీతపు ఉద్యోగం చేస్తే గవర్నర్ నేరుగానే తొలగించవచ్చు. మీ కాగితాల్లో అలాంటి రెండో జీతం కనిపిస్తే దాన్ని మిగతా లెక్కలతో కలపకుండా విడిగా, చెల్లింపు రుజువుతో గవర్నర్ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పని లెక్కలో ముప్పయ్యో పేజీలో అది కలిసిపోతే ఎవరూ చూడరు.